తానెక్కిన నిచ్చెన

జపాన్‌లో హిదెయోషి అని ఒకాయన మామూలు రైతు ఇంట పుట్టాడు. నొబునాగా అనే ప్రభువు దగ్గర చెప్పులు మోసే పనితో మొదలయ్యాడని చెప్పుకుంటారు. 1590 నాటికి దేశమంతా ఆయన చేతికిందికొచ్చింది. పుట్టుకతో మనిషి విలువ తేలదనడానికి ఇంతకంటే సాక్ష్యం కావాలా?

కానీ ఆగండి. 1588లో ఈయనే రైతుల ఇళ్లలో కత్తులన్నీ లాక్కున్నాడు. ఆ ఇనుముతో క్యోటోలో కట్టే బుద్ధ మందిరానికి మేకులు చేయిస్తాం, మీకు ఇహపరాలు రెండూ దక్కుతాయన్నాడు. దోపిడీకి బుద్ధుడి పేరు ఎంత సులువుగా తగిలించాడో చూడండి! 1591లో ఇంకో ఆజ్ఞ. రైతు పొలం వదిలి వ్యాపారానికి పోకూడదు, సమురాయ్ బంటు రైతుగా మారకూడదు. అదే ఆజ్ఞ యాభై ఏళ్ల ముందు ఉండుంటే హిదెయోషి ఎక్కడుండేవాడు? చదువుకుని పైకొచ్చిన మనం కూడా ఈ ప్రశ్న వేసుకోవాలి. మన వెనక తలుపు తెరిచే ఉంచామా?

1596 భూకంపానికి ఆ బుద్ధ విగ్రహం శిథిలమైంది. 1598లో ఆయన పోయాడు. పసివాడైన కొడుకుని కాపాడతామని పెద్ద ప్రభువుల చేత ప్రమాణాలు చేయించుకున్నాడు గానీ, వాళ్లలో ఒకడైన ఇయెయాసే 1615లో ఒసాకా కోటని కూల్చాడు. కొడుకు అక్కడే చనిపోయాడు. రైతుకీ సమురాయ్‌కీ మధ్య గీసిన గీతని మాత్రం కొత్త పాలకులు ఇంకా గట్టి చేశారు. 1870ల దాకా అది చెరగలేదు.