తడి కాయలు

గూడూరు

చిరంజీవి అమ్మలుకు పెదనాన్న ఆశీస్సులు.

మొన్న రాత్రి నువ్వు ఫోన్ పెట్టేశాక నాకు నిద్ర పట్టలేదు. మీ పెద్దమ్మ రెండుసార్లు లేచి "ఇంకా మేలుకొనే ఉండావా?" అని అడిగింది. నువ్వు చెప్పిన సాంకేతిక సంగతులన్నీ నాకు అర్థమయ్యాయని అనను. అర్ధరాత్రి ఏదో మార్పు పెట్టారు. తెల్లారేసరికి జనం డబ్బులు కట్టేచోట అంతా ఆగిపోయింది. సరిచేసేసరికి మధ్యాహ్నమైంది. ఇప్పుడు పైవాళ్ళు రిపోర్టు రాయమన్నారు. ఆ మార్పు పెట్టింది కొత్తగా చేరిన అబ్బాయి, దాన్ని చూసి సరేనన్నది నువ్వు. ఇంతవరకు తెలిసింది. ఫోన్‌లో ఒక మాట మాత్రం నాలుగుసార్లు అన్నావు: "నా తప్పేం లేదు పెదనాన్నా." మొదటిసారి విన్నప్పుడు నిజమే కాబోలు అనుకున్నాను. నాలుగోసారికి దిగులు పట్టుకుంది.

నిన్ను మందలించడానికి కాదు తల్లీ ఈ ఉత్తరం. నీ ఈడులో నేనూ అదే మాట అన్నాను, అందరూ నమ్మారు కూడా. ఆ సంగతి మన ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. నీకు చెప్పాల్సిన వేళ వచ్చిందనిపించింది.

అప్పుడు నేను ఇక్కడే ఒక నిమ్మకాయల మండీలో గుమాస్తాని. మన గూడూరు నిమ్మకు ఢిల్లీ దాకా పేరుందని నీకు తెలుసు. పొద్దున రైతుల కాయకు పాట అయిపోయాక, కాయలేరే ఆడవాళ్ళు గుట్ట చుట్టూ కూర్చుని పండును, పచ్చిని, మచ్చకాయను వేరుచేసేవాళ్ళు. చీకటి పడేలోగా బస్తాలు కుట్టి లారీకి ఎత్తించాలి. ఎన్ని బస్తాలు, ఏ లారీ, ఎప్పుడు కదలాలి, ఇవన్నీ చూసేది నేనే. ఆ ఏడు కార్తీకంలో వాయుగుండం పట్టి నాలుగు రోజులు వదలని ముసురు. అయిదో రోజు కాస్త తెరిపిచ్చింది. ఢిల్లీలో ధర బాగుంది, లారీ వచ్చి నిలబడింది. ఎత్తించేశాను. వారం తిరక్కుండా కబురొచ్చింది, సరుకులో సగానికి పైగా కుళ్ళిపోయిందని.

యజమాని పిలిచి అడిగిన మొట్టమొదటి మాట, "ఎవరి తప్పు?" నాకు జవాబు వెతుక్కోవలసిన పనే లేకపోయింది. డ్రైవరు దారిలో ఒక పూట బండి ఆపుకున్నాడు. ఆ సంగతి అతనే దాచకుండా చెప్పాడు, ఇంట్లో ఎవరికో బాగాలేక. "ఆలస్యం చేశాడు, కాయ చెడింది" అన్నాను. అతని బాడుగలో సగం కోశారు. మళ్ళీ మా మండీకి పిలవలేదు. లెక్క తేలిపోయిందని నేను హాయిగా ఇంటికెళ్ళి అన్నం తిన్నాను.

మరుసటి ఏడు అవే రోజులు, అదే ముసురు. ఈసారి వేరే లారీ, వేరే డ్రైవరు. ఒంగోలు దాటకముందే ఇంజను చెడి నిలిచిపోయింది. నేను బస్సెక్కి వెళ్ళాను. పట్ట ఎత్తి, పై వరసలోది కాక లోపలి వరసలోంచి ఒక బస్తా లాగించి కుట్టు విప్పాను. చెయ్యి పెడితే పొయ్యి మీంచి దించిన గిన్నెలా వేడి. కాయకు కాయ అంటుకుపోయి ఉంది, మధ్యలో బూడిద చల్లినట్టు బూజు, కల్లు పులిసిన వాసన. కదిలి రెండు రోజులైనా కాలేదు. ఈ డ్రైవరు ఎక్కడా నిద్రపోలేదు, ఎవరింటికీ వెళ్ళలేదు. ఆ రోడ్డు పక్కన నిలబడి నేను మొదటిసారి కాయ వైపు చూశాను. అంతకుముందు ఏడాది నేను చూసింది మనిషి వైపే.

తిరిగొచ్చి కాయలేరే వాళ్ళ దగ్గర కూర్చున్నాను. ఎవరు చేశారని అడగలేదు, ఏం జరిగింటుందమ్మా అని అడిగాను. అందరిలోకీ పెద్దామె కొంగుతో చెయ్యి తుడుచుకుని చెప్పింది: "తడి కాయ కడితే ఉడక్కుండా ఏమయిద్ది అబ్బయా. పోయినేడూ తడి కాయే కట్టినాం." మరి అప్పుడే ఎందుకు చెప్పలేదంటే, "మీరు ఎవురి తప్పు, ఎవురి తప్పు అని తిరగతా ఉంటిరి. నోరు తెరిస్తే నా మీదకు వస్తాదని ఊరకున్నా" అంది.

అమ్మలూ, ఆ మాటను నేను ఇన్నేళ్ళుగా మోస్తున్నాను. కాయ ఆరబెట్టకుండా ఎత్తమన్నది నేను. ఆ తప్పు పెద్దదే, కానీ దాని ఖరీదు ఒక లారీ సరుకు. తప్పు ఒకడి మీద వేసి చేతులు దులుపుకున్నందుకు పడిన ఖరీదు రెండో లారీ. ఏం జరిగిందో తెలిసిన మనిషి నాకు పది అడుగుల దూరంలో రోజూ కూర్చునే ఉంది. ఆమె నోరు మూయించింది నేను.

నాలా చేయనివాళ్ళ కథ కూడా ఒకటి చెబుతాను. మన మిద్దె మీద నుంచి ఆగ్నేయం వైపు రాకెట్ పొగచార చూడటం నీకు చిన్నప్పటి సరదా. ఆ శ్రీహరికోటలోనే 1979 ఆగస్టు 10న ఎస్‌ఎల్‌వి-3 మొదటి ప్రయోగం జరిగింది. పదిహేడు టన్నుల బండి, కక్ష్యలో పెట్టవలసింది నలభై కిలోల ఉపగ్రహం, ఏళ్ళ తరబడి వందలమంది చాకిరీ. అయిదు నిమిషాలు దాటీ దాటకముందే, తీరానికి 560 కిలోమీటర్ల దూరాన బంగాళాఖాతంలో పడిపోయింది. దాని బాధ్యుడు అబ్దుల్ కలాం గారు. ఇస్రో అధిపతి సతీశ్ ధావన్ గారు. ఆ రోజు విలేకరుల ముందుకు కలాం గారిని తోయలేదు ధావన్ గారు. తానే వెళ్ళి కూర్చుని, ఓటమి సంస్థదని, తన మనుషుల మీద తనకు నమ్మకముందని చెప్పారు. 1980 జులై 18న అదే రకం రాకెట్ రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో నిలబెట్టినప్పుడు మాత్రం, విలేకరులతో నువ్వే మాట్లాడమని కలాం గారిని ముందుకు పంపారు. ఈ కథ కలాం గారే చాలా చోట్ల చెప్పుకున్నారు గనక మీ తరానికి కూడా తెలుసు.

అంతగా ఎవరూ చెప్పుకోని ముక్క ఒకటి మధ్యలో ఉంది. నాకు అదే పెద్దది. ప్రయోగం పోయాక సమీక్ష జరిగింది. రెండో దశను అదుపు చేసే వ్యవస్థ పనిచేయలేదని తేలింది. అందులో వాడే ఘాటైన నత్రికామ్లం ప్రయోగానికి ముందే కారిపోయింది. సాంకేతికంగా కారణం దొరికింది, అందరూ ఒప్పుకున్నారు, అక్కడితో లేచి వెళ్ళిపోవచ్చు. కలాం గారు లేచి నిలబడ్డారు. ఆ కారడం చివరి ఘడియల్లో తన దృష్టికి వచ్చిందనీ, అది లెక్కలోకి రాదని తేల్చింది తానేననీ, ప్రయోగం ఆపవలసిన బాధ్యత తనదేననీ చెప్పారు. ఆ గది చాలాసేపు నిశ్శబ్దమైపోయిందట. అప్పుడు ధావన్ గారు ఆయన్ను తీసెయ్యలేదు, ఆ పనిలోనే నిలబెట్టారు.

చూడు, పైవాడు "నాది" అన్నాడు, కిందివాడు కూడా "నాది" అన్నాడు. మధ్యలో ఉన్న వందలమందికి ఇక దాచుకోవలసిన అవసరమేముంది? ఏ కవాటం దగ్గర ఏం కారిందో నోరు విప్పి చెప్పగలిగారు గనకనే పదకొండు నెలల్లో మళ్ళీ ఎగరగలిగారని నా నమ్మకం. మా మండీలో పెద్దామెకు దొరకనిది వాళ్ళకు దొరికింది.

విమానాలవాళ్ళు ఇలా నోరు విప్పి చెప్పడాన్ని పద్ధతిగానే పెట్టుకున్నారు. అమెరికాలో 1976 నుంచి పైలట్లు తమ పొరపాట్లను తామే రాసి పంపే ఏర్పాటు ఒకటుంది. దాన్ని నడిపేది విమానాల మీద పెత్తనం చేసే శాఖ కాదు, నాసా. రాసినవాడి పేరు తీసేసి, జరిగింది మాత్రం ఉంచుతారు. పేరు పోతేగాని నిజం రాదని వాళ్ళకు అర్థమైంది.

బాధ్యత అనగానే మన పెద్దలు లాల్ బహదూర్ శాస్త్రి గారి పేరు ఎత్తుతారు. ఎత్తవలసిన పేరే. 1956 సెప్టెంబరులో మహబూబ్‌నగర్ దగ్గర వంతెన కూలి రైలు పడిపోయినప్పుడు రైల్వే మంత్రిగా రాజీనామా ఇచ్చారు, నెహ్రూ గారు ఒప్పుకోలేదు. మూడు నెలలు తిరక్కుండానే తమిళనాడు అరియలూరులో మళ్ళీ అదే ఘోరం. ఈసారి పట్టుబట్టి తప్పుకున్నారు. ఆ మనిషి నిజాయితీకి నేను దణ్ణం పెడతాను. కానీ నీకు ఆ దారి చెప్పను. నువ్వు రాజీనామా చేస్తానన్నావు చూడు, అది విన్నప్పుడే ఇది రాయాలనిపించింది. మంత్రి తప్పుకుంటే ఆ పదవికి గౌరవం. నువ్వు తప్పుకుంటే ఆ మార్పు ఎందుకు చెడిందో తెలిసిన ఇద్దరిలో ఒకరు వెళ్ళిపోయినట్టు. ఉండి విప్పి చూడు.

ఇంకో సంగతి. అన్నీ నెత్తిన వేసుకోమని కూడా నేను అనడం లేదు. ఎవడైనా దొంగ లెక్క రాస్తే అది వాడిదే, దాన్ని నువ్వు మొయ్యకూడదు. ఆడపిల్లవు గనక ఊరకే సర్దుకుపొమ్మని ఎవరైనా అంటే వినొద్దు. పైవాళ్ళు నిద్ర లేకుండా పని చేయించి, చూసే వేళ ఇవ్వకుండా సంతకం పెట్టమన్నారా? అదీ రాయి, దాచకు. అయితే మొదటి వాక్యం నీ గురించి ఉండాలి. "అర్ధరాత్రి నాకు ఆ మార్పు చూపించారు, నేను పూర్తిగా చదవకుండా సరేనన్నాను." ఇది నువ్వు ఫోన్‌లో నాకు చెప్పిన నిజమే, ఆ నాలుగు "నా తప్పేం లేదు"ల నడుమ గబగబా అనేసిన మాట. దాన్ని ముందు పెట్టావంటే ఆ అబ్బాయి ఊపిరి పీల్చుకుంటాడు. తర్వాత వాక్యాలు అతనే వచ్చి చెబుతాడు.

డ్రైవరు సంగతి చెప్పలేదు కదూ. ఆ ముసలామె మాట విన్నాక నాలుగు నెలల జీతంలో కొంత కొంత దాచి, కోసిన బాడుగ మొత్తం పోగుచేసుకుని అతని ఊరు వెళ్ళాను. వెంకటగిరి అవతల పల్లె. పశువుల కొట్టం ముందు మంచం మీద కూర్చున్నాడు. డబ్బు చేతిలో పెట్టి, తప్పు నాదన్నాను. అతను కోపం చెయ్యలేదు. నోట్లు ఒక్కొక్కటే లెక్కపెట్టుకుని, మడిచి జేబులో పెట్టుకుని, నన్ను చూసి అన్నాడు: "కాయ తడిగా ఉండాది, ఒక రోజు ఆరనిద్దామా అని ఎత్తేటప్పుడే అంటిని గదన్నా."

ఎంత గుర్తు తెచ్చుకున్నా ఆ మాట విన్నట్టు నాకు జ్ఞాపకం లేదు. అని ఉంటాడు. నేను బస్తాలు లెక్కపెడుతున్నాను.

ఆ అబ్బాయి కూడా ఆ రాత్రి నీతో ఏదో అనే ఉంటాడు. రిపోర్టు మొదలుపెట్టేలోపు పక్కన కూర్చోబెట్టుకుని అడుగు.

నాన్నను వేళకు మందులు వేసుకోమని చెప్పు. పెరట్లో చెట్టు ఈసారి విరగకాసింది. మీ పెద్దమ్మ నీకోసం ఊరగాయ పెట్టింది, వచ్చేవాళ్ళతో పంపిస్తాను.

మీ పెదనాన్న