శరణార్థి మాట

శ్రీమద్రామాయణమున విభీషణుడు నలుగురు అనుచరులతో సముద్రపు ఉత్తరతీరమునకు వచ్చి, ఆకాశముననే నిలిచి శరణు వేడెను. ఆలుబిడ్డలను, లంకను విడిచి వచ్చినవాడు. ఇచట త్రోసివేసినచో అతనికి వేరొక చోటు లేదు. శ్రీ వేదాంతదేశికులు ఈ ఘట్టము నాధారముగా గొనియే ‘అభయప్రదానసారము’ను రచించిరి.

సుగ్రీవుడు వధింపవలయుననెను. శ్రీరాముడు ఎల్లర అభిప్రాయముల నడిగెను. అంగదుడు పరీక్షింపుమనెను, శరభుడు చారుని పంపుమనెను, జాంబవంతుడు దేశకాలములు తగవని శంకించెను, మైందుడు మెల్లగా ప్రశ్నింపుమనెను.

పిమ్మట హనుమంతుడు, తాను వాదముకొరకు గాని స్పర్ధచే గాని పలుకుట లేదని ముందుగా విన్నవించెను. ఎదుట నిలిచినవానిని గూర్చి చారుడేల? మంచి మనస్సుతో వచ్చినవానిని వెంటనే ప్రశ్నించినచో ఆ మనస్సు విరుగును. అతని కంఠమున గాని, ముఖమున గాని కపటము కానరాదు. ఇవి ఆయన చూపిన హేతువులలో కొన్ని. లంకలో దూతవధ తగదని వాదించి తన ప్రాణములు నిలిపినవాడు ఈ విభీషణుడే. ఆ ఋణమును మాత్రము హనుమంతుడు సభలో సాక్ష్యముగా తేలేదు. చదువరులు పలువురు ఈ మౌనమును గమనింపకయే దాటిపోవుదురు.

అయినను సుగ్రీవుని శంక తీరలేదు. చెప్పినదే మరల చెప్పువారిని విసుగుకొనుట గృహములందు పరిపాటి. స్వామి విసుగుకొనలేదు. శరణు జొచ్చిన వేటగానికి తన మాంసమునే ఆతిథ్యముగా నొసగిన పావురము కథ చెప్పెను. పిదప, అభయమిచ్చితినని పలికి, విభీషణుని తోడ్కొని రమ్మని, వలదన్న ఆ సుగ్రీవునే నియోగించెను.