జీతం – జీవితం: కూలి నిర్ణయంలో సమ్మతి ప్రశ్న

వ్యాస సంగ్రహం

ఇచ్చేవాడు, పుచ్చుకొనేవాడు ఇద్దరూ ఒప్పుకొన్న కూలి న్యాయమైన కూలి అవుతుందా అన్నది ఈ వ్యాసం పరిశీలించే ప్రశ్న. శ్రమ, భూమి, అప్పు అనే మూడు విపణులు పల్లెలో విడివిడిగా ఉండవని, వాటిలో ఒకచోట ఓడినవాడు మిగిలిన రెండుచోట్లా ఓడిన స్థితిలోనే బేరానికి వస్తాడని ఈ వ్యాసం వాదిస్తుంది. కాబట్టి కూలిలోని న్యాయాన్ని ‘సరే’ అన్న మాటలో కాక, ‘వద్దు’ అనగల స్థితిలో వెదకాలని ప్రతిపాదిస్తుంది.

1. పదాలు చెప్పే సంగతి

ప్రకృతి – వికృతుల పట్టికలో ‘జీవితము – జీతము’ అన్న జంటను మనం పాఠశాలలోనే వల్లె వేస్తాం. ఆ జంటలో ఒక నైతిక ప్రతిపాదన దాగి ఉన్నదని అప్పుడు తోచదు. మనిషి బతకడానికి కావలసినదే అతని పనికి ప్రతిఫలం అన్నది ఆ ప్రతిపాదన. ‘భృతి’ శబ్దం కూడా భరించడం, పోషించడం అన్న అర్థం గల ధాతువు నుంచే వచ్చింది. ‘పాలికాపు’ అన్న మాటలో పాలు, అంటే వాటా, వినిపిస్తుంది. ఈ పదాల్లో ఏదీ కూలిని ధరగా చూడదు. ఒకటి బతుకుగా, ఒకటి పోషణగా, ఒకటి పంటలో భాగంగా చూస్తుంది.

అయితే ఈ పదాలను చూసి పాతకాలం న్యాయమైనదని అనుకోవడం పొరపాటు. అదే నిఘంటువులో ‘వెట్టి’ ఉంది. తెలంగాణ పల్లెల్లో ఏడాది పొడవునా దొర ఇంట పనిచేసే ‘జీతగాడు’ జీతం పుచ్చుకొన్నవాడే. కాని ఆ జీతం కోసం జీవితాన్నే తాకట్టు పెట్టినవాడు. ఉత్తరాంధ్రలో ‘కంబారి’ అన్న మాట కూడా ఈ కోవలోనిదే. పని చేయించుకొనేవాడు పనివాడి బతుకును భరించాలన్న భావం, పనివాడి బతుకు చేయించుకొనేవాడి సొంతమన్న భావంగా మారడానికి ఎక్కువ దూరం లేదు. కనుక ధరగా మారిన కూలి ఒక విధంగా విముక్తి కూడా. రోజు కూలి తీసుకొన్నవాడు సాయంత్రానికి తన ఇంటికి తాను పోగలడు. విపణి ఇచ్చిన ఈ స్వేచ్ఛను తక్కువ చేయకుండానే, అది ఎంతవరకు నిజమైన స్వేచ్ఛ అని అడగవలసి ఉంది.

2. ‘ఒప్పుకొన్నాడు కదా’ అన్న వాదం

విపణి నిర్ణయించిన కూలిని సమర్థించే వాదాలు ప్రధానంగా రెండు. మొదటిది ఫలితాన్ని ఆధారం చేసుకొంటుంది. అమెరికన్ అర్థశాస్త్రవేత్త జాన్ బేట్స్ క్లార్క్ 1899లో వెలువరించిన గ్రంథంలో, స్వేచ్ఛగా సాగే పోటీ ప్రతి శ్రామికునికీ అతని శ్రమ అదనంగా సృష్టించినంత విలువను చేర్చుతుందని వాదించాడు. ఎవరు చేసినది వారికే దక్కుతున్నప్పుడు అన్యాయం ఎక్కడున్నదన్నది ఆ వాదపు సారం. రెండవది సమ్మతిని ఆధారం చేసుకొంటుంది. ఇద్దరు పెద్దవాళ్లు బలవంతం లేకుండా ఒక ధరకు ఒప్పుకొంటే, మూడవవాడికి దానిని తప్పుపట్టే హక్కు లేదని అది అంటుంది.

మొదటి వాదంలోని చిక్కు తేలికగానే కనబడుతుంది. పది మంది నాట్లు వేసిన మడిలో ఎవరి శ్రమ ఎంత ధాన్యమైందో విడదీసి చూపడం కష్టం. విడదీయగలిగినా, ఆ అదనపు విలువ ఎంతన్నది ఆ పొలానికి నీరు ఉన్నదా, పొలం ఎవరి చేతిలో ఉన్నది, పక్కన ఎందరు పనికోసం నిలబడి ఉన్నారు అన్నవాటిపై ఆధారపడి ఉంటుంది. ఇవి శ్రామికుడు చేసినవీ కావు, ఎంచుకొన్నవీ కావు.

రెండవ వాదం ఇంతకన్నా బలమైనది. దానికి జవాబు చెప్పాలంటే బలవంతం అంటే ఏమిటో తేల్చుకోవాలి. ఆడమ్ స్మిత్ 1776లోనే ఈ విషయంలో ఒక సూటి పరిశీలన చేశాడు. కూలి బేరంలో యజమాని పనివాళ్లు లేకుండా ఏడాదో రెండేళ్లో నెట్టుకురాగలడు, పనివాళ్లలో చాలామంది పని లేకుండా వారం రోజులు కూడా నిలవలేరు. అంటే బేరమాడే ఇద్దరికీ నోరు సమానంగానే ఉన్నా, ఎదురుచూడగల శక్తి సమానంగా లేదు. ధరను నిర్ణయించేది ఆ రెండవదే.

మన సర్వోన్నత న్యాయస్థానం 1982లో ఈ ప్రశ్నను నేరుగా ఎదుర్కొన్నది. ఆసియా క్రీడల నిర్మాణ పనుల్లోని కూలీల తరఫున పీపుల్స్ యూనియన్ ఫర్ డెమోక్రటిక్ రైట్స్ వేసిన వ్యాజ్యంలో, కనీస వేతనం కన్నా తక్కువకు చేయించే పని రాజ్యాంగంలోని 23వ అధికరణం నిషేధించిన బలవంతపు చాకిరీ కిందికే వస్తుందని తీర్పు చెప్పింది. కర్రతో, చట్టంతో చేసే బలవంతం మాత్రమే బలవంతం కాదని, ఆకలి, లేమి మనిషికి వేరే దారి లేకుండా చేయడమూ బలవంతమేనని దాని తాత్పర్యం. తెలుగులో చెప్పాలంటే, తక్కువ కూలికి ఒప్పుకొన్న పని కూడా వెట్టి కావచ్చు. సమ్మతికి, వెట్టికి మధ్య మనం గీసుకొన్న గీతను ఈ తీర్పు చెరిపివేసింది.

3. మూడు విపణులు, ఒకే గుమ్మం

కార్ల్ పొలాన్యీ 1944లో ప్రచురించిన ‘ది గ్రేట్ ట్రాన్స్‌ఫర్మేషన్’లో శ్రమ, భూమి, ద్రవ్యం అనే మూడింటినీ కల్పిత సరుకులన్నాడు. సరుకంటే అమ్మడానికి తయారుచేసినది. మనిషి బతుకులోని భాగమైన శ్రమను ఎవరూ అమ్మడానికి తయారుచేయలేదు, నేలను ఎవరూ తయారుచేయనే లేదు. అయినా వాటికి ధర కట్టి నడిపే సమాజంలో మనిషీ నేలా రెండూ ఆ ధరల ఆటుపోట్లకు లోనవుతాయన్నది అతని హెచ్చరిక.

పొలాన్యీ మూడింటినీ విడివిడి విపణులుగా చెప్పినా, మన పల్లెల్లో ఆ మూడూ తరచుగా ఒకే గుమ్మం ముందు కలుస్తాయి. పొలం కౌలుకు ఇచ్చేవాడు, కూలికి పిలిచేవాడు, అప్పు పెట్టేవాడు ఒకడే కావచ్చు. 1973లో అమిత్ భాదురి పశ్చిమ బెంగాల్ గ్రామాల అనుభవం ఆధారంగా చేసిన విశ్లేషణ ఇందులోని ఒక వింతను బయటపెట్టింది. దిగుబడి పెంచే మార్పు వచ్చి కౌలుదారు అప్పులేనివాడైతే, పంటలో వాటా పెరిగినా వడ్డీ రాబడి పోతుంది. కనుక భూస్వామే ఆ మార్పును అడ్డుకోవచ్చు. అంటే ఒక విపణిలో నష్టంగా కనబడేది మరొక విపణిలో లాభం. ఇటువంటి చోట కూలిని మాత్రమే విడదీసి, అది న్యాయమా కాదా అని అడగడం త్రాసులో ఒక తట్టనే చూడడం వంటిది. పనికి ముందే అడ్వాన్సు పుచ్చుకొని వలసపోయిన పాలమూరు కూలీ విషయంలో కూలి ఎక్కడ ముగుస్తుందో, వడ్డీ ఎక్కడ మొదలవుతుందో చెప్పగల లెక్క మేస్త్రీ పుస్తకంలో తప్ప మరెక్కడా ఉండదు.

4. ‘యజ్ఞం’: లెక్క తప్పని అన్యాయం

ఈ చిక్కును తెలుగులో కాళీపట్నం రామారావు ‘యజ్ఞం’ అంత లోతుగా చూపిన రచన అరుదు. అప్పల్రాముడి బాకీ విషయం పంచాయితీకి వస్తుంది. గ్రామపెద్ద శ్రీరాములునాయుడు కర్కోటకుడు కాడు. ఊరి మేలు కోరినవాడు, న్యాయం చెప్పాలనుకొనేవాడు. ఊరు కూడా ఎదుగుతూనే ఉంది. అప్పు అప్పే. తీర్చవలసినదే. చివరకు తండ్రి ఒప్పుకొంటాడు. ఉన్న భూమి పోతుంది. భూమి పోయిన ఇంట్లో పుట్టిన బిడ్డ ఏమవుతాడన్న ప్రశ్నకు కొడుకు సీతారాముడు తన పసిబిడ్డను చంపి జవాబు చెబుతాడు.

ఈ ముగింపును గురించి విమర్శకులు ఎంతో చర్చించారు. ఇక్కడ గమనించవలసినది దానికి ముందున్న సంగతి. ఈ కథలో మోసం చేసినందువల్లనే అన్యాయం జరిగిందని చెప్పడానికి వీల్లేదు. పంచాయితీ జరిగింది, పెద్దలు విన్నారు, బాధితుడు ఒప్పుకొన్నాడు. సమ్మతి వాదం కోరే షరతులన్నీ తీరాయి. అయినా ఆ ఒప్పందం వల్ల భూమి చేతులు మారి, భూమి లేనందున శ్రమను అమ్మక తప్పని స్థితి వచ్చి, ఆ స్థితి తరువాతి తరానికి సంక్రమించబోతున్నది. అప్పు విపణిలో జరిగిన న్యాయం శ్రమ విపణిలో బానిసత్వమైంది. తండ్రి సమ్మతి ఇంకా పుట్టని ఒప్పందాలకు కూడా సమ్మతి అయిపోయింది. సీతారాముడి చర్యను ఎవరూ సమర్థించలేరు. కాని అతడు చూసినదాన్ని కాదనడమూ కష్టమే.

5. కౌలుదారు ఇంట్లో రెండు కోరికలు

ఈ చర్చలో కూలి ఇచ్చేవాడిని ఎప్పుడూ భూస్వామిగా ఊహించుకోవడం మరొక పొరపాటు. నాకు తెలిసిన అనుభవం వేరు. మా తండ్రి కౌలు రైతు. నాట్ల కాలంలో మా అమ్మ ఇతరుల మడుల్లోకి కూలికి వెళ్లేది. మా కౌలు పొలంలోకి మాత్రం మేమే కూలీలను పిలిచేవాళ్లం. ఆ రోజుల్లో కూలి పది రూపాయలు పెరగాలన్న కోరిక, పెరగకూడదన్న కోరిక మా ఇంట్లో ఒకే పూట ఉండేవి. ఆ రెండింటిలో ఏది న్యాయమో నాకు చాలాకాలం తెలియలేదు. రెండూ ఒకే లెక్కలోని మిగులు కోసం పోట్లాడుతున్నాయని తరువాత అర్థమైంది.

ఒక ఊహా లెక్క వేద్దాం. ఎకరాకు 30 బస్తాలు పండిందనుకొందాం. 14 బస్తాలు కౌలు, 7 బస్తాల విలువ విత్తనం, ఎరువు, దుక్కి ఖర్చు, 3 బస్తాల విలువ వడ్డీ. మిగిలినవి 6. అందులో కూలీలకు 4 పోతే కౌలు కుటుంబానికి 2. కూలి ఒక బస్తా పెరిగితే ఆ కుటుంబానికి మిగిలేది ఒకటే. ఇక్కడ కూలి పెంచమనడం పేదవాడి నుంచి తీసి పేదవాడికి ఇవ్వడంగా కనబడుతుంది. కాని కౌలు 14 నుంచి 12కు తగ్గితే కూలీలకు 5, కౌలుదారుకు 3 దక్కుతాయి. పంట పెరగలేదు, ఎవరూ ఎక్కువ కష్టపడలేదు. మొదట తీసి పక్కన పెట్టిన వాటా మాత్రమే మారింది. గట్టు మీద జరిగే కూలి బేరంలో గొంతెత్తేది కౌలుదారు, కూలీ. ఆ గొంతుకల హద్దును గీసినవారు గట్టు మీద లేరు.

కౌలుదారును గుర్తించడానికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2011లో ఒక చట్టం వచ్చింది. విభజన తరువాత 2019లో ఆంధ్రప్రదేశ్‌లో మరొకటి వచ్చింది. రెండవ దానిలో సాగుదారు పత్రానికి భూయజమాని అంగీకారం అవసరమైంది. సమ్మతి ప్రశ్న ఇక్కడ తిరగబడి ఎదురైంది. కౌలుదారు హక్కు యజమాని ‘సరే’ మీద ఆధారపడితే, ‘వద్దు’ అనగల శక్తి ఎవరిదో వేరుగా చెప్పనక్కరలేదు.

6. రెండు ఆక్షేపణలు

కూలి పెరిగితే యంత్రం వస్తుందని, పనే పోతుందని ఒక ఆక్షేపణ. ఇది కొట్టివేయదగినది కాదు. కోత యంత్రం వచ్చిన మాగాణిలో కోతకూలి తగ్గిన మాట నిజం. అయితే యంత్రం ధర కూడా ప్రకృతి నిర్ణయించినది కాదు. దాని కొనుగోలుకు రుణం, రాయితీ ఉంటాయి. పెట్టుబడిని చౌక చేసే విధానాన్ని మానవ నిర్ణయంగా చూస్తూ, శ్రమను చౌక చేసే స్థితిని మాత్రం సహజ నియమంగా చూడడం తర్కానికి నిలవదు.

గ్రామీణ ఉపాధి హామీ పథకం వల్ల కూలీలు దొరకడం లేదన్నది రెండవ ఆక్షేపణ. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైన ఆ పథకం ఏడాదికి 100 రోజుల పనిని గ్రామీణ కుటుంబానికి హక్కుగా చెప్పింది. ‘కూలీలు దొరకడం లేదు’ అన్న వాక్యంలో ‘మేమిచ్చే కూలికి’ అన్న మాట లోపించి ఉంటుంది. ఆ మాట చేర్చి చదివితే, ఫిర్యాదుగా వినబడినదే పథకం చేసిన మేలుగా తెలుస్తుంది. పొలానికి వెళ్లక తప్పని మనిషికి మొదటిసారి మరొక దారి దొరికింది. అయితే ఆ భారాన్ని కౌలు రైతు ఒక్కడే మోయవలసి వస్తే అది కొత్త అన్యాయమని ముందటి లెక్క చెబుతున్నది. శ్రమ విపణిని సరిదిద్దినవారు భూమి, అప్పు విపణులను విడిచిపెట్టడం వల్ల వచ్చిన ఫలితమది.

7. ముగింపు

పై పరిశీలన నుంచి మూడు విషయాలు తేలుతున్నాయి. ఒకటి, ఒప్పందం న్యాయానికి అవసరమే కాని చాలదు. కాదంటే పస్తు తప్పనివాడి ‘సరే’ను పూర్తి సమ్మతిగా లెక్కించలేము. రెండు, కూలి అన్యాయమైనప్పుడు ఇచ్చినవాడే దోషి అనడానికి వీల్లేదు. కౌలునూ వడ్డీనీ ముందే తీసుకొన్నవారి వాటా కూడా విచారణలోకి రావాలి. మూడు, చట్టం కనీస కూలిని నిర్ణయించడంతో పని పూర్తికాదు. ఆ కూలి కన్నా తక్కువ ఇస్తామన్నప్పుడు వెనుదిరిగి రాగల స్థితిని కల్పించాలి.

సాహిత్య విద్యార్థులకు ఇందులో ఒక బాధ్యత ఉంది. ‘మాలపల్లి’ నుంచి ‘యజ్ఞం’ వరకు మన కథలు, నవలలు శ్రమనూ భూమినీ అప్పునూ కలిపే చూపాయి. వాటిని దళిత జీవితం, రైతు జీవితం, రుణబాధ అని వేర్వేరు శీర్షికల కింద విడదీసి చదివే అలవాటు మన పరిశోధనకు పట్టింది. ఆ రచనలను ఆ మూడింటి లెక్కలతో కలిపి మళ్లీ చదివితే, జీతానికీ జీవితానికీ మధ్య ఉండవలసిన సంబంధం వ్యాకరణ సూత్రం దగ్గరే ఎందుకు ఆగిపోయిందో తెలుసుకోవచ్చు.