మచ్చను చేత్తో చూడు

చిట్టితల్లీ,

నీ చర్మవ్యాధుల ఎమ్‌డీ ఇంకా పూర్తికాకముందే హైదరాబాదులో ఏదో స్కిన్ క్లినిక్ వాళ్లు నిన్ను రమ్మంటున్నారని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. వాడి గొంతులో సంతోషమే ఉంది. నాకు మాత్రం ఆ రాత్రంతా మీ పెద్దత్తే గుర్తొచ్చింది.

ఆవిడ వేళ్లు ఎందుకలా ముడుచుకుపోయాయో మన ఇంట్లో పిల్లలకి ఎవరూ విడమరిచి చెప్పలేదు. 'చిన్నప్పుడు కాలింది' అనేవాళ్లు. కాలిన మాట నిజమే. దానికి ముందు జరిగింది నువ్వు తెలుసుకోవాలి. పెళ్లయిన కొత్తలో మా అప్ప మోచేతి దగ్గర రూపాయి బిళ్లంత పాలిపోయిన మచ్చ వచ్చింది. దురద లేదు, నొప్పి లేదు. పట్నంలో పేరున్న డాక్టరు దగ్గరికి నేనే తోడు వెళ్లాను. ఆయన బల్లకి అవతల కూర్చునే జాకెట్టు చెయ్యి పైకి లాగమన్నాడు, చూశాడు, తామరని పూతమందు రాసిచ్చాడు. కుర్చీలోంచి లేవలేదు. మచ్చ మీద వేలు పెట్టలేదు.

అప్ప నెలల తరబడి ఆ మందే రాసుకుంది. ఓ రోజు పెనం దించుతుంటే చిటికెన వేలి వైపు అరచెయ్యి పెనానికి ఆనుకుని ఉండిపోయింది. కమురు వాసనకి నేను కేకేస్తే గానీ చెయ్యి కాలుతోందని తనకి తెలియలేదు. సాలూరు కుష్ఠు ఆసుపత్రికి తీసుకెళ్లాం. కళ్లు మూసుకోమని, మచ్చ మీద దూది పోగు ఆనించి ఎక్కడ తగిలిందని అడిగారు. చెప్పలేకపోయింది. మోచేతి వెనక నరం తడిమితే లావెక్కి ఉంది. దూది పోగుతో అయిపోయే పరీక్ష తల్లీ, అది! ఆ మొదటి రోజే చేసి ఉంటే చెయ్యి దక్కేది. బావ కోర్టుకెక్కాడు. కుష్ఠు ఉంటే విడాకులు అడగొచ్చని మన వివాహ చట్టంలోనే ఉండేది. 2019లో గానీ ఆ మాట తీసెయ్యలేదు.

నేను కుష్ఠు నిర్మూలనలో పారామెడికల్ వర్కరుగా చేరింది అందుకే. సైకిలు మీద పార్వతీపురం వైపు ఊళ్లన్నీ తిరిగేవాణ్ణి. బడి పిల్లల్ని చొక్కాలు విప్పించి వెలుతురులో నిలబెట్టి చూసేవాళ్లం, నీడలో పాలిపోయిన మచ్చ తప్పించుకుంటుంది కనుక. మొదట్లో డాప్సోన్ మాత్ర ఒక్కటే, ఏళ్ల తరబడి మింగాలి. 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మూడు మందులు కలిపి ఇమ్మంది. అవి మన ఊళ్లకి చేరాక, గడువులోగా మందు ముగించి కూలి పనికి పోయేవాళ్లని చూస్తే నాకు కడుపు నిండేది. 2005 చివరికి దేశంలో పదివేల మందికి ఒక్క కేసు కన్నా తగ్గిందని ప్రకటించారు. ఆ తరవాత ఇంటింటికీ తిరిగే మనుషులు తగ్గిపోయారు గానీ జబ్బు పోలేదు. ఇవాళ్టికీ ప్రపంచంలో ఏటా బయటపడే కొత్త కేసుల్లో సగానికి పైగా మన దేశానివే. ఆ మచ్చలన్నీ ఇప్పుడు ఎవరి బల్ల ముందుకి వస్తాయి? నీలాంటి వాళ్ల ముందుకే.

మొటిమల గుంటలతో తలెత్తలేని పిల్ల బాధ, బొల్లి వచ్చి పెళ్లి ఆగిపోయిన కుర్రాడి బాధ చిన్నవని నేననను. వాళ్లకి వైద్యం చెయ్యి, డబ్బు తీసుకో. కానీ ఇప్పుడు నడుస్తున్న తెల్లతోలు పిచ్చి చూస్తే ఒళ్లు మండుతుంది. మన వీధి చివర మందుల షాపులో కుర్రాడు గజ్జల్లో తామరకీ, ముఖం తెల్లబడడానికీ ఒకటే స్టెరాయిడ్ ట్యూబు చేతిలో పెడతాడు. రెండు వారాలు నిగనిగలాడుతుంది. తరవాత తోలు పలచబడి ఎర్ర నరాలు తేలతాయి, ఆడపిల్లకి గడ్డం మీద వెంట్రుకలొస్తాయి, మానేస్తే మంట. తామరైతే ఒళ్లంతా పాకుతుంది. అదే జాతి స్టెరాయిడ్‌ని మాత్రగా, కుష్ఠులో నరం దెబ్బతిన్న ఆరు నెలల్లోపు పద్ధతిగా ఇస్తే ముడుచుకునే చెయ్యి చాలామందికి నిలబడుతుంది. చదువుకున్న డాక్టరుకీ షాపు కుర్రాడికీ తేడా అక్కడుంది.

నైట్ డ్యూటీలు లేని హాయైన బ్రాంచి అని మన చుట్టాలంటారు. మూర్ఛ మాత్రలు పడక ఒళ్లంతా తోలు ఊడిపోయిన మనిషిని అర్ధరాత్రి తీసుకొస్తే పిలిచేది నిన్నే. ఆ రోజుకి నీ చెయ్యి తిరిగి ఉండాలి.

ఇక అసలు పని. ఆ క్లినిక్ కాగితాల మీద ఇప్పుడే సంతకం పెట్టకు. మధ్యలో మానేస్తే ఎంత కట్టాలి, నీ రిజిస్ట్రేషన్ నంబరు చూపించి వేరేవాళ్లు లేజరు పెడతారా, రోజుకి ఇన్ని ప్యాకేజీలు అమ్మాలని షరతుందా అని కాగితం మీద రాసి ఇమ్మని అడుగు. ఇవ్వకపోతే మానెయ్. అప్పు చేసి లేజర్ మిషను కొనకు. చదువయ్యాక కనీసం ఏడాది జిల్లా ఆసుపత్రిలో చెయ్యి. జీతం తక్కువేగానీ చూసే జబ్బుల్లో సగం అక్కడే నేర్చుకుంటావు. ఏ మచ్చతో వచ్చినా ముందు వాళ్లు రాసుకుంటున్న ట్యూబు తెచ్చి చూపించమను. దూది, పెన్సిలు బల్ల సొరుగులో ఉంచుకో. మోచేతి వెనక, మెడ పక్క నరాలు తడమకుండా తామర మందు రాయకు.

మీ నాన్నతో నేను మాట్లాడతాను. నీకొచ్చిన కాగితాలు ఫొటో తీసి ఆదివారంలోపు నాకు పంపు.

మీ పెదనాన్న