కూడుట వేరు, కూటమియగుట వేరు



ఆబిడ్సులోని పెద్ద తపాలా కార్యాలయమున మనమొక జాబు వేయుదుము. పెట్టెనుండి తీయువాడొకడు, ముద్ర వేయువాడొకడు, ఊరువారీగా వేరుచేయువాడొకడు, సంచి మోయువాడొకడు. వీరిలో ఏ యొక్కరు చేతులు ముడిచినను జాబు గడప చేరదు. అయినను మనకు కనబడువాడు దానిని ఇంటికి తెచ్చిన వాడొక్కడే. పదిమంది కలిసి చేయు ప్రతి పనియందును కనబడని చేతులే ఎక్కువ. వానిని మరచిన కూటమి నిలువదు.

సమూహములు ఎట్లు ఎదుగునో 1965లో బ్రూస్ టక్మన్ అను అమెరికా మనస్తత్వ శాస్త్రజ్ఞుడు నాలుగు దశలుగా వివరించెను. మొదట కూడుట, పిదప కలహించుట, అటుపై ఒక కట్టుబాటునకు వచ్చుట, తుదకు కలిసి పనిచేయుట. కలహము రెండవ మెట్టేగాని పతనము కాదు. అచ్చటనే ఆగిపోవుటయే పతనము.

మన శరణుల చరిత్రము ఇందులకు సాక్ష్యము. పండ్రెండవ శతాబ్దమున కల్యాణములోని అనుభవ మంటపమున అల్లమప్రభువు అధ్యక్షుడు. బిజ్జలుని భండారియైన బసవేశ్వరుడును, బట్టలుతుకు మాచయ్యయు, పడవ నడుపు చౌడయ్యయు, త్రాళ్లు పేను చందయ్యయు అచట సమానులు. అక్కమహాదేవి వచ్చినపుడు ప్రభువామెను కఠినముగా ప్రశ్నించెను. ఆమె జంకక బదులు చెప్పెను. ప్రశ్న ఎదుటనే జరిగెను, చాటున కాదు. కనుకనే పిదప లభించిన గౌరవము నిండైనది. నేలరాలిన బియ్యమేరుటయే కాయకముగాగల ఆయ్దక్కి మారయ్య ఒకనాడు అవసరమునకు మించి తెచ్చెను. భార్యయైన లక్కమ్మ ఎక్కువైనదానిని తిరిగి ఇచ్చిరమ్మనెను. చెప్పుటకామె వెనుదీయలేదు, వినుటకతడు చిన్నతనపడలేదు. కట్టుబాటనగా నిదియే.

మన నాంపల్లినే చూడుడు. 1938లో ఉస్మానియా విశ్వవిద్యాలయ పట్టభద్రులు కొందరు పబ్లిక్ గార్డెన్సులో కొద్ది దుకాణములతో నుమాయిషును ప్రారంభించిరి. 1946లో అది నేటి మైదానమునకు మారెను. పిదప దుకాణములు ఎన్నో పెరిగినవి. సొసైటీ సభ్యులు జీతమాశింపక, ఉపసంఘములుగా పని పంచుకొని దానిని నడుపుచున్నారు. వచ్చిన ఆదాయము విద్యాసంస్థలకు తోడ్పడుచున్నది. మొదలుపెట్టినవారు గతించినను పని ఆగలేదు. పంచుకొనిన కాయకము దాసోహమైన తీరిది.

ఇన్ని చెప్పు నేనే ఒకప్పుడు తప్పితిని. నేను పనిచేసిన ఒక పాఠశాలలో వార్షికోత్సవ సంఘమునకు నన్ను పెద్దను చేసిరి. వేదికపై ఎవరెచట కూర్చుండవలెనని మాలో మాకు వాదులాట, పిదప సమాధానము. ఉత్సవము చక్కగా జరిగెను. బసవేశ్వరుని కాయక తత్త్వముపై నేనే ఉపన్యసించితిని. వందన సమర్పణలో అందరి పేర్లు చదివితిని. రెండు దినములు బెంచీలు మోసి, తోరణములు కట్టి, నీళ్లు తెచ్చిన అటెండరు పేరు మాత్రము చదువలేదు.

మరునాడతడు గుమ్మమువద్ద నిలిచి, "సారూ, నాతోని ఏమన్న తప్పయిందా?" అని అడిగెను. కోపముతో కాదు. తన పేరు లేకుండుటకు తన తప్పే కారణమని నమ్మి అడిగెను. ఆ ప్రశ్నతో నా ఉపన్యాసమంతయు నాకే వెగటైనది. ప్రార్థనా సమయమున పిల్లలందరి ఎదుట నా తప్పును ఒప్పుకొంటిని.

మరుసటి యేడు అతనిని సంఘములో కూర్చుండబెట్టితిమి. అతడాడిన మొదటి మాట: "మంచినీళ్ల కుండలు ఎండల పెడుతున్నరు సార్, పిల్లలు తాగుతలేరు." ఇన్నేండ్లుగా మాలో నొక్కరికిని ఈ సంగతి తట్టలేదు. అతనికి పీట వేసి మేము చేసిన ఉపకారమేమియు లేదు. మేలు పొందినది మేమే.

కార్యాలయమున గాని, దుకాణమున గాని, మఠపు జాతరలో గాని, మీరు నలుగురు కూడినపుడు ఈ మూడు మాటలు తలచుకొనుడు. భేదాభిప్రాయమున్న ముఖముననే చెప్పుడు. తప్పు చూపినవారిని శత్రువుగా నెంచకుడు. ఆ పనిలో అన్నిటికంటె బరువు మోయువాడు ఎచట నిలిచియున్నాడో చూచి, అతనికి మీ నడుమ చోటిచ్చి, అతని మాట వినుడు. నలుగురు ఒకచోట చేరినంతమాత్రమున కూటమి కాదు. అతడు కూర్చున్ననాడే అది కూటమి యగును.