సోమవారం సంగతి

చిరంజీవి మనవరాలికి,

ఈస్టరు తెల్లవారుజామున పుంగనూరులో మీ అమ్మతో కలిసి సమాధుల తోటలో కొవ్వొత్తులు వెలిగించి వచ్చానని, మర్నాడు కుప్పం ఆసుపత్రిలో డ్యూటీ ఎక్కేసరికి ఆ సంతోషం ఏమైపోయిందో తెలియలేదని రాశావు. పోతే పోనీలే అమ్మా. సంతోషం వస్తుంది, పోతుంది. నేనడిగేది వేరు. ప్రభువు లేచాడని నమ్మినందుకు ఆ సోమవారం నీ పని చేసే తీరు ఏమైనా మారిందా?

పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో పదిహేనో అధ్యాయం తీసి చూడు. 58 వచనాలు, దాదాపు అంతా పునరుత్థానమే. పదహారో అధ్యాయం మొదలుపెట్టగానే యెరూషలేము విశ్వాసుల కోసం వారం వారం కొంత తీసి పక్కన పెట్టమంటాడు. ఆయనకు ఈ రెండూ వేరు కావు. మన ప్రసంగీకులు ఈస్టరు నాడు పదిహేనులోనే ఆగిపోతారు. (కానుకల ఆదివారం మాత్రం పదహారు మరచిపోరు.)

మన మదనపల్లెకు ఆర్కాటు మిషన్ తరఫున డాక్టర్ జేకబ్ చేంబర్లెయిన్ 1863లో వచ్చాడు. సభల్లో ఆయన పేరు వింటూనే ఉంటాం. నమ్మకం పనిలో కనబడటమంటే నాకు మాత్రం ముందు గుర్తొచ్చేది ఆరోగ్యవరం. క్షయ రోగుల కోసం 1915లో తెరిచిన ఆ శానిటోరియాన్ని డెన్మార్క్ డాక్టరు క్రిస్టియన్ ఫ్రిమొట్‌-మొల్లర్ నడిపించాడు. క్షయకు పనిచేసే మొదటి మందు స్ట్రెప్టోమైసిన్‌ను కనుక్కున్నదే 1943లో. మధ్యలో 28 ఏళ్లు! అన్నాళ్లూ వాళ్ల చేతిలో ఉన్నవి మంచి గాలి, మంచి తిండి, విశ్రాంతి, ఊపిరితిత్తిని కొన్నాళ్లు ముడిచి ఉంచే చికిత్స. కొందరు కోలుకునేవారు, కొందరు పోయేవారు. ఇంటివాళ్లే కంచం వేరు పెట్టే జబ్బది. అలాంటిచోట రోజూ దుప్పట్లు మార్చి, గంజి తాగించి, జ్వరం చూసి రాసుకున్నవాళ్లున్నారు. మనిషి బతుకుతాడంటేనే చాకిరీ చేస్తాననుకునేవాళ్లు అక్కడ ఏడాది కూడా నిలవలేరు. చావుతో అంతా అయిపోదని నమ్మినవాళ్లు నిలిచారు. దేశంలో బీసీజీ టీకాలు మొదలైంది 1948లో, మన మదనపల్లెలోనే. వాళ్లు అదేదో వస్తుందని తెలిసి పనిచేసినవాళ్లు కారు.

నీ వార్డులో కూడా డాక్టర్లు ఆశ వదులుకున్న మంచాలుంటాయి. వాటి పక్కనుంచి గబగబా నడిచిపోకు. కుప్పం మూడు రాష్ట్రాలు కలిసేచోటు కదా, ఒకరు తమిళంలో అడుగుతారు, ఒకరు కన్నడంలో. అర్థం కాక మళ్లీ అడిగితే విసుక్కోకుండా చెప్పు. మంచం మీంచి లేవలేని మనిషికి ప్రసంగం చేయకు. ప్రార్థన చేయమని తనే అడిగితే చెయ్యి, అడగకపోతే మంచినీళ్లు అందించు, చాలు.

ఇంకొక్కటి. మీ అమ్మ నీకు సంబంధాలు చూస్తోందట. సంఘం, చదువు, జీతం అన్నీ అడిగాక మన పెద్దలు గొంతు తగ్గించి కులం అడుగుతారు. ప్రభువు బల్ల దగ్గర ఒకే రొట్టె తిని వచ్చిన నోటితోనే! సమాధి రాయిని దొర్లించిన దేవుడికి ఈ ఒక్కటీ చేతకాదని మనమే తేల్చేసుకున్నట్టుంది. నీ తరఫున ఆ ప్రశ్న ఎవరినీ అడగనివ్వకు. మీ అమ్మకు కోపం వస్తే ఈ ఉత్తరం చూపించి, నాతో మాట్లాడమను.

ఇట్లు
మీ తాతయ్య
మదనపల్లె