తల్లి గూటి జోలికి వెళ్ళకండి



ఒక ప్రయాణంలో కొందరు సహాబాలు ఓ పిట్ట పిల్లలను పట్టుకున్నారు. తల్లిపిట్ట రెక్కలు కొట్టుకుంటూ తల్లడిల్లింది. అది చూసిన దైవప్రవక్త (స) పిల్లలను తల్లికి తిరిగి ఇచ్చేయమని ఆజ్ఞాపించారు. ఈ హదీసు అబూదావూద్‌లో ఉంది.

ఈ కారుణ్యం పిట్టలకే పరిమితమా? అమెరికాలోని అలాస్కా ఉత్తర తీరంలో ఆర్కిటిక్ వన్యప్రాణి సంరక్షణ ప్రాంతం ఉంది. అక్కడ చలికాలంలో ఆడ ధ్రువపు ఎలుగు మంచులో గుహ తవ్వుకుని పిల్లలను కంటుంది. వసంతం వరకు వాటిని అందులోనే సాకుతుంది. యంత్రాల అలజడికి అది ముందే గుహ వదిలితే పసికూనలు బతకడం కష్టం. అయినా సుమారు 15 లక్షల ఎకరాల ఆ తీర మైదానంలో చమురు తవ్వకాలకు 2017 నాటి చట్టం దారి తెరిచింది. పైగా చమురు మండేకొద్దీ భూమి వేడెక్కి, ఎలుగు సీళ్లను వేటాడే సముద్రపు మంచు కరిగిపోతోంది. 2008లోనే అమెరికా దాన్ని ముప్పున్న జాతిగా ప్రకటించింది.

జంతువులూ, పక్షులూ మనలాంటి సముదాయాలేనని దివ్యఖుర్ఆన్ (6:38) తెలుపుతోంది. భూమి మనకు అమానత్. చమురూ అల్లాహ్ అనుగ్రహమే కదా అని కొందరనవచ్చు. నిజమే. అవసరానికి వాడుకోవడం తప్పు కాదు. కాని మితిమీరేవారిని అల్లాహ్ ప్రేమించడు (7:31).

అలాస్కాలో నిర్ణయం మన చేతిలో లేదు. మన బండి తాళం మాత్రం మన చేతిలోనే ఉంది. వీధి చివరి మస్జిదుకు నడిచి వెళదాం. వేసే ప్రతి అడుగుకూ పుణ్యం, మిగిలిన ప్రతి చుక్కా అమానత్ పరిరక్షణ.

అల్లాహ్ మనకు దయగల హృదయాలను ప్రసాదించుగాక! ఆమీన్.